వర్క్ ఫోకస్డ్ ఇంటర్వ్యూకి రమ్మన్నారు, ఎలా సిద్ధపడాలి?

లెస్టర్_లలిత:
నమస్తే అందరికీ. కేర్ హోమ్‌లో పనిచేసేదాన్ని, రుమటాయిడ్ ఆర్థరైటిస్ ముదిరి మానేయాల్సి వచ్చింది. ఇప్పుడు న్యూ స్టైల్ ఈఎస్ఏ (జబ్బు వల్ల పని చేయలేనివాళ్లకి యూకే ప్రభుత్వం ఇచ్చే భత్యం) వస్తోంది, పిప్ (వైకల్యం వల్ల అయ్యే అదనపు ఖర్చులకి ఇచ్చే భత్యం) కూడా వస్తోంది. పని చేయగలనో లేదో చూసే అసెస్‌మెంట్ అయ్యాక నన్ను వర్క్ రిలేటెడ్ యాక్టివిటీ గ్రూపులో (ఇప్పుడు కాకపోయినా ముందుముందు పని చేయగలరనుకునేవాళ్ల గ్రూపు) పెట్టారు. నిన్న జాబ్‌సెంటర్ (ప్రభుత్వ ఉపాధి ఆఫీసు) నుంచి ఉత్తరం వచ్చింది. వర్క్ ఫోకస్డ్ ఇంటర్వ్యూ అట, పొద్దున 9:10కి. రాకపోతే డబ్బు తగ్గవచ్చని కింద రాశారు. అది చదివినప్పటి నుంచీ ఒకటే టెన్షన్.

సీవీ పట్టుకెళ్లాలా? ఏదో ఉద్యోగం చూపించి చేరమంటే ఏం చేయాలి? చేరనంటే పిప్ ఆపేస్తారా? నాకు పొద్దున చేతులు అస్సలు లేవవు. ఎనిమిదింటికి కుక్కర్ మూత తిప్పలేను, పదకొండుకి తిప్పగలను. ఉన్నదున్నట్టు చెబితే "పదకొండు నుంచి పనికి రావచ్చు కదా" అంటారేమో. పైగా కంగారు పడితే నాకు ఇంగ్లీషు నోట్లోంచి రాదు. మావారిది షిఫ్ట్ డ్యూటీ. సెలవు పెట్టించి తీసుకెళ్లనా?

హారో_పిన్ని:
లలితా, ముందు అన్నం తిని పడుకో. పేరుకే ఇంటర్వ్యూ, అక్కడ నిన్ను ఎవరూ సెలెక్ట్ చేయరు, రిజెక్ట్ చేయరు. నాకు ఎమ్మెస్ (మల్టిపుల్ స్క్లెరోసిస్, నరాల జబ్బు). నేనూ కొన్నాళ్లు ఆ గ్రూపులో ఉండి వచ్చినదాన్నే.

ఎదురుగా కూర్చునేది వర్క్ కోచ్ అనే జాబ్‌సెంటర్ ఉద్యోగి, డాక్టర్ కాదు. నువ్వు పనికి ఫిట్టా కాదా అన్నది తేల్చేది ఆ మనిషి కాదు, అది అసెస్‌మెంట్‌లో అయిపోయింది. ఈ గ్రూపులో ఉన్నవాళ్లని ఉద్యోగానికి అప్లై చేయమని గానీ, చేరమని గానీ, ఫలానా వైద్యం చేయించుకోమని గానీ బలవంతపెట్టకూడదని రూల్స్‌లోనే ఉంది. సీవీ రాసుకోవడం, ఏదైనా కోర్సు లాంటివి మాత్రం చేయమనొచ్చు, అదీ నీ ఆరోగ్యానికి తగ్గట్టు. వెళ్లడం మాత్రం తప్పదు. కారణం లేకుండా ఎగ్గొడితే డబ్బు కోస్తారు. ఇక పిప్ సంగతి పూర్తిగా వేరు, ఉద్యోగం చేసుకునేవాళ్లకి కూడా వస్తుంది. దాని గురించి మర్చిపో.

రేపు పొద్దున్నే ఉత్తరం మీదున్న నంబర్‌కి ఫోన్ చేసి టైము మార్పించుకో. "పొద్దున చేతులూ కీళ్లూ బిగుసుకుపోతాయి, పదకొండు తర్వాత ఇవ్వండి, లేదా ఫోన్‌లో మాట్లాడండి" అని అడుగు. బతిమాలక్కర్లేదు. ఈక్వాలిటీ యాక్ట్ 2010 ప్రకారం రీజనబుల్ అడ్జస్ట్‌మెంట్ (వైకల్యం ఉన్నవాళ్ల కోసం చేయాల్సిన సర్దుబాటు) అంటారు దీన్నే. ఇంటర్‌ప్రెటర్ కావాలంటే వాళ్లే పెడతారు, మనం పైసా ఇవ్వనక్కర్లేదు, కాకపోతే ముందే చెప్పాలి. తోడుగా ఎవరినైనా తీసుకెళ్లొచ్చు. మీ ఆయన్నే లాక్కెళ్లాలని లేదు. (మా ఆయన్ని తీసుకెళ్తే అన్నిటికీ ఆయనే జవాబు చెప్పేవాడు. నీ ఇష్టం.)

ఇక అసలు సంగతి. "హౌ ఆర్ యూ" అని అడగడం ఆలస్యం, "ఫైన్, థాంక్యూ" అనేస్తాం మనం. జబ్బు గురించి బయటివాళ్ల దగ్గర చెప్పుకోవడం చిన్నతనంగా ఉంటుంది కదా, పైగా తయారై, బొట్టు పెట్టుకుని, నవ్వుతూ వెళ్తాం. నా సంగతే చూడు, మధ్యాహ్నం రెండయ్యేసరికి ఒంట్లో కరెంటు పోయినట్టు అయిపోతుంది. కానీ వాళ్లు నన్ను చూసేది పదకొండుకి. నేను చెప్పకపోతే రెండింటి మనిషి వాళ్లకెలా తెలుస్తుంది?

అందుకని ఒక పేజీ రాసి పట్టుకెళ్లు. నోట మాట రాకపోతే ఆ కాగితమే ఇచ్చెయ్. కుక్కర్ మాట దాచకు, అలాగే రాయి, కానీ అక్కడితో ఆపకు. పదకొండుకి మూత తిప్పి వంట చేస్తే మూడింటికి చేయి ఎలా ఉంటోంది? వాస్తోందా? మర్నాడు గుండీలు పెట్టుకోగలుగుతున్నావా? భయం ఆ పదకొండు గంటల మాటతో కాదు, అది ఒక్కటే చెప్పి ఊరుకుంటేనే ఇబ్బంది. మెథోట్రెక్సేట్ (ఆర్థరైటిస్ మందు) వాడుతుంటే అది వేసుకున్న మర్నాడు ఎలా ఉంటుందో, రక్తపరీక్షలకి ఎన్నాళ్లకోసారి వెళ్లాలో కూడా రాయి. అసెస్‌మెంట్ రిపోర్ట్ కోచ్ చదివే ఉంటాడనుకోకు. నీ దగ్గర కాపీ లేకపోతే డీడబ్ల్యూపీని (ఈ భత్యాలు చూసే ప్రభుత్వ శాఖని) అడిగి తెప్పించుకో.

వాళ్లు ఏదైనా చేయమంటే "ఇది తప్పనిసరా, సలహానా?" అని అడుగు. తప్పనిసరి అయితే రాసిమ్మను. బాగున్న రోజుని చూసుకుని ఒప్పుకోకు, బాగోలేని వారంలో కూడా చేయగలిగిందే ఒప్పుకో.

మిల్టన్‌కీన్స్_రాజు:
పిన్నిగారు అంతా చెప్పేశారు. నాదొక్కటే. మీరు నిజంగా మళ్లీ పని చేయాలనుకుంటుంటే యాక్సెస్ టు వర్క్ (వైకల్యం ఉన్నవాళ్లకి ఉద్యోగంలో సాయపడే ప్రభుత్వ పథకం) గురించి మీరే ఎత్తండి, వాళ్లు చెప్పేదాకా ఆగకండి. నాకు చూపు తక్కువ. ఆఫీసుకి వెళ్లే టాక్సీ ఖర్చులో సాయం, స్క్రీన్ చదివే సాఫ్ట్‌వేర్ దాని ద్వారానే వచ్చాయి. మీలాంటివాళ్లకి మాట్లాడితే టైప్ అయ్యే సాఫ్ట్‌వేర్, ప్రత్యేకమైన కీబోర్డ్, కుర్చీ ఇస్తారు. అప్లై చేయాల్సింది కంపెనీ కాదు, మనమే. ఇప్పుడు బాగా ఆలస్యమవుతోంది కాబట్టి ఆఫర్ చేతికి రాగానే పెట్టేయండి. డిసేబిలిటీ ఎంప్లాయ్‌మెంట్ అడ్వైజర్ అని జాబ్‌సెంటర్ తరఫున ఉంటారు, వారితో మాట్లాడించమని కోచ్‌ని అడగొచ్చు.

స్లౌ_శ్రీను:
పిన్నిగారూ, మధ్యలో నాదొక డౌటు. నేను స్కిల్డ్ వర్కర్ వీసా మీద ఉన్నాను. వెన్ను సర్జరీ అయింది. మాకు ఇవేవీ రావా?

హారో_పిన్ని:
శ్రీనూ, నీ వీసా మీద "నో రికోర్స్ టు పబ్లిక్ ఫండ్స్" (పబ్లిక్ ఫండ్స్ కింద లెక్కకి వచ్చే ప్రభుత్వ భత్యాలు తీసుకోకూడదు) అని ఉంటే యూనివర్సల్ క్రెడిట్ (ఆదాయం తక్కువున్నవాళ్లకి ఇచ్చే భత్యం), పిప్ జోలికి వెళ్లకు, వీసాకే చిక్కు. న్యూ స్టైల్ ఈఎస్ఏ మాత్రం నీ జీతంలోంచి కట్టిన నేషనల్ ఇన్సూరెన్స్ మీద వచ్చేది, అది పబ్లిక్ ఫండ్స్ కింద లెక్కకి రాదు. అయినా కంపెనీ సిక్ పే నడుస్తున్నన్నాళ్లు అదే తీసుకో. ఫారం నింపేముందు సిటిజన్స్ అడ్వైస్‌లో (ఉచితంగా సలహా ఇచ్చే సంస్థ) ఒకసారి చూపించు.

లెస్టర్_లలిత:
పిన్నిగారూ, పొద్దున ఫోన్ చేశాను. కారణం చెప్పగానే 11:30కి మార్చారు. ఇంటర్‌ప్రెటర్ సంగతి కూడా రాసుకున్నారు. కాగితం మొదలుపెట్టాను, పెన్ను ఎక్కువసేపు పట్టుకోలేక మా అమ్మాయితో టైప్ చేయిస్తున్నాను.

ఇంకొక్క ప్రశ్న. తెలిసినవాళ్ల చీరల షాపులో వారానికి రెండు మధ్యాహ్నాలు బిల్లింగ్ దగ్గర కూర్చోమంటున్నారు, జీతం ఇస్తారట. ఒప్పుకుంటే ఈఎస్ఏ పోతుందా?

హారో_పిన్ని:
టైప్ చేయిస్తున్నావన్న ముక్క కూడా ఆ కాగితంలోనే పెట్టు.

షాపు పని చేసుకోవచ్చు. పర్మిటెడ్ వర్క్ అంటారు. వారానికి 16 గంటల లోపే ఉండాలి, సంపాదన ఆ ఏటి పరిమితి దాటకూడదు, 2025-26లో అది వారానికి 195.50 పౌండ్లు. చేరకముందే పీడబ్ల్యూ1 ఫారం నింపి పంపు, చేరి తర్వాత చెప్దామనుకోకు. ఇంకోటి, నీ గ్రూపులో న్యూ స్టైల్ ఈఎస్ఏ 365 రోజులే ఇస్తారు. నీది ఏ తారీఖుతో అయిపోతుందో ఆ 11:30 మీటింగ్‌లోనే అడిగి రాయించుకుని రా.