నుదుటి దగ్గర నొప్పి, బుగ్గల దగ్గర లూజు: హెల్మెట్ సైజు పెంచాలా?

పెనుకొండ_150సీసీ:
అందరికీ నమస్తే. మాది పెనుకొండ, ఉండేది బెంగళూరు మారతహళ్లిలో. రోజూ సిల్క్ బోర్డు మీదుగా బొమ్మసంద్ర దాకా బండి మీదే. నెలకు రెండు శనివారాలు చిక్కబళ్లాపుర, బాగేపల్లి మీదుగా ఊరికి పోతా.

పాత హెల్మెట్‌కు ఆరేళ్లు నిండాయి, పైగా పార్కింగులో బండి మీద నుంచి దబ్బున కింద పడింది. సరే అని కొత్తది ఆన్‌లైన్లో తెప్పించా. టేపు చుట్టి చూస్తే తల 59 సెంటీమీటర్లు. సైటులో పట్టిక ప్రకారం ఎల్ సైజు, ఫుల్ ఫేసు.

మొదటి రోజే సిల్క్ బోర్డు సిగ్నల్ దగ్గరికి వచ్చేసరికి నుదుటి మధ్యలో ఎవరో బొటనవేలితో నొక్కుతున్నట్టుంది. ఆఫీసులో తీసి చూసుకుంటే రూపాయి బిళ్లంత ఎర్రటి మచ్చ. "పొద్దున్నే గుడికెళ్లొచ్చావా?" అని పక్క సీటాయన. బుగ్గల దగ్గర మాత్రం వేలు దూరేంత ఖాళీ. మొన్న దేవనహళ్లి దాటాక 80లో పోతూ తల పక్కకు తిప్పితే గాలికి హెల్మెట్ పైకి లేచింది, గుండె జారిపోయింది.

వెనక్కి ఇవ్వడానికి ఇంకా నాలుగు రోజులే టైముంది. ఎక్స్‌ఎల్‌కి మార్చాలా? కొందరేమో వాడగా వాడగా సర్దుకుంటుంది అంటున్నారు. ఒక షాపాయన అయితే లోపలి థర్మాకోల్‌ని చెంచాతో నొక్కి గుంట చేసిస్తా, వంద రూపాయలు ఇవ్వు అన్నాడు. చేయించమంటారా?

బుల్లెట్_బాబాయ్:
చెంచా మాట మర్చిపో తమ్ముడూ. నీ తల కాపాడేది ఆ థర్మాకోలే. కింద పడ్డప్పుడు అది నలిగి దెబ్బను తను మింగుతుంది. ముందే నలిపేస్తే, పడ్డ రోజు నలగడానికి అక్కడ ఏం మిగులుతుంది?

సర్దుకుంటుంది అన్నవాళ్లది సగం నిజం. సర్దుకునేది లోపలి గుడ్డ, స్పాంజి. బుగ్గల దగ్గర బిగుతుగా ఉంటే కొన్నాళ్లకు మెత్తబడి సరిపోతుంది. నీకు నుదుటి మీద ఒకే చోట నొక్కుతోందంటే స్పాంజి వెనకాల గట్టిది తగులుతోందన్నమాట. అది ఏడాది వాడినా తగ్గదు.

ఎక్స్‌ఎల్ అసలు తీసుకోకు. ఇది సైజు గొడవ కాదు, ఆకారం గొడవ. తల జుట్టు తడిపి అణిచేసి, రూమ్మేట్‌తో పైనుంచి ఫోటో తీయించు. ముందు నుంచి వెనక్కి సాగి కొబ్బరికాయలా కనిపిస్తే, నువ్వు కొన్నది గుండ్రటి తలకు చేసింది. అందుకే ముందు నొక్కుతోంది, పక్కల ఖాళీ. సైజు పెంచితే నొప్పి తగ్గుతుందేమో గానీ ఇప్పుడు లేచేది రేపు ఎగిరిపోతుంది. నేను ఈ తప్పే చేసి రెండేళ్లు ఊగే హెల్మెట్ పెట్టుకు తిరిగా. వేరే కంపెనీ, వేరే మోడల్ చూడు. షాపులోనే చూడు.

షాపులో పెట్టుకున్నాక బెల్టు బిగించు. గడ్డానికీ బెల్టుకీ మధ్య రెండు వేళ్లు పట్టాలి, అంతకంటే వద్దు. ఇప్పుడు మీవాణ్ణి వెనక నిలబెట్టి, హెల్మెట్ కింది అంచు పట్టుకుని పైకి, ముందుకి గట్టిగా లేపమను. ఊడి చేతికొస్తే అక్కడే పెట్టేసి వచ్చేయ్. తర్వాత ముందు పట్టుకుని అటూ ఇటూ తిప్పమను, బుగ్గల చర్మం కూడా దాంతో పాటే కదలాలి. అవన్నీ అయ్యాక ఇరవై నిమిషాలు తీయకుండా కూర్చో. షాపువాడు విసుక్కుంటే విసుక్కోనీ.

కళ్లద్దాల_కవిత:
బాబాయ్ గారు చెప్పింది నిజం. నాదొక చిన్న మాట: కళ్లజోడు ఉంటే అది పెట్టుకునే ట్రయల్ వేయండి. నేను వేయలేదు, చెవుల పైన కాడలు నొక్కి వారం తలనొప్పి.

వెనక ముద్ర కూడా చూసుకోండి. ఐఎస్ఐ గుర్తు పైన ఐఎస్ 4151 అని (అది హెల్మెట్ల ప్రమాణం నంబరు), కింద సీఎం/ఎల్ అని లైసెన్సు నంబరు ఉంటుంది. ఆ నంబరు బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే తయారుచేసిన కంపెనీ పేరు వస్తుంది. 2021 జూన్ 1 నుంచి ఐఎస్ఐ లేని హెల్మెట్ అమ్మడమే నేరం, అయినా ఫుట్‌పాత్ మీద స్టిక్కరుతో సహా దొరుకుతున్నాయి.

సైలెన్సర్:
యూరప్ వాళ్ల ఈసీఈ ముద్ర ఉన్నదే కొను బ్రో, ఐఎస్ఐ వేస్ట్.

బుల్లెట్_బాబాయ్:
వేస్ట్ అనకు. ఈసీఈ 22.06లో తల మెలితిరిగేలా ఏటవాలుగా తగిలే దెబ్బకు కూడా పరీక్ష ఉంది, డబ్బులుంటే రెండు ముద్రలూ ఉన్నది మంచిదే. కానీ వదులుగా ఉండే ఈసీఈ కంటే బిగుతుగా కూర్చునే ఐఎస్ఐకే నా ఓటు. పడ్డప్పుడు తల మీద నిలవని హెల్మెట్‌కు ఏ ముద్ర ఉంటే ఏం?

పెనుకొండ_150సీసీ:
ఫోటో తీయించా. కొబ్బరికాయే. మా రూమ్మేట్ దాన్ని ఫ్రెండ్స్ గ్రూపులో కూడా పెట్టాడు.

ఆదివారం జేసీ రోడ్డులో ఐదు హెల్మెట్లు పెట్టి చూశా. రెండు నుదుటి మీద అదే చోట నొక్కాయి. ఒకటి బెల్టు బిగించాక కూడా వెనక నుంచి లేపితే ముక్కు మీదకు వచ్చేసింది, షాపు కుర్రాడే నవ్వేశాడు. నాలుగోది తల ఎక్కడానికే కష్టపడింది గానీ ఎక్కాక నుదుటి మీద ఏమీ తెలియలేదు. సైజు మళ్లీ ఎల్లే, కంపెనీ వేరు. అయిదోది ఊరికే చూశా, అప్పటికే మనసు నాలుగోదాని మీద పడింది.

ఇరవై నిమిషాలు దాంతోనే కూర్చుని అమ్మకి వీడియో కాల్ చేశా. మాట్లాడుతుంటే బుగ్గలు పళ్ల కింద పడుతున్నాయి. "నోట్లో ఏం పెట్టుకుని మాట్లాడతాండావురా?" అనింది. తీశాక అద్దంలో చూస్తే నుదుటి మీద మచ్చ లేదు.

ఆన్‌లైన్‌ది వెనక్కి పంపేశా. ఆరేళ్ల పాతది మాత్రం ఇంట్లోనే ఉంది. వాచ్‌మన్ అడిగితే ఇవ్వమంటారా?

బుల్లెట్_బాబాయ్:
వద్దు. బెల్టు కత్తిరించి చెత్తలో వేయి.