అప్‌డేట్: పాత డీజిల్ కారు హీట్ సమస్య, కారణం దొరికింది

పోయిన నెల అడిగాను కదండీ, మా 2003 డీజిల్ కారు రావులపాలెంలో బయలుదేరితే కొత్తపేట దాటేసరికి టెంపరేచర్ ముల్లు ఎర్రగీత దాకా వెళ్లిపోతోంది, కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం) మాత్రం తగ్గట్లేదు అని. దొరికింది! థర్మోస్టాట్, అంటే ఇంజన్ వేడెక్కాక తెరుచుకుని వేడి నీళ్లని చల్లారడానికి రేడియేటర్‌లోకి వదిలే వాల్వ్.

మీలో ఒకరు చెప్పినట్టు, ముల్లు పైకెక్కగానే బండి ఆపి రేడియేటర్ పై గొట్టం పట్టుకుని చూశాను. ఇంజన్ అంత కాలిపోతుంటే అది గోరువెచ్చగా ఉంది, అంటే వేడి నీళ్లు రేడియేటర్‌లోకి రావడమే లేదు. మర్నాడు పొద్దున్నే, ఇంజన్ పూర్తిగా చల్లారాక (వేడి మీద రేడియేటర్ మూత తియ్యకండి, మొహం కాలుతుంది) థర్మోస్టాట్ విప్పి, దారం కట్టి స్టవ్ మీద నీళ్ల గిన్నెలో వేలాడదీశాం. దాని మీద 82 అని ఉంది, ఆ డిగ్రీల దగ్గర తెరుచుకోవడం మొదలవ్వాలి. నీళ్లు సలసలా మరిగినా వెంట్రుకవాసి కదల్లేదు. స్ప్రింగ్ చుట్టూ ఇటుకపొడి రంగు తుప్పు, దాని మీద తెల్లటి పొర.

తప్పు నాదే. ఏళ్ల తరబడి రేడియేటర్‌లో ఇంటి బోరు నీళ్లే పోశాను, సముద్రం వైపు మా ఊళ్లలో అవి ఎంత ఉప్పగా ఉంటాయో తెలిసి కూడా.

రేడియేటర్ ఫ్లష్ చేయించి, రెక్కల్లో ఇరుక్కున్న వరి పొట్టు కూడా కడిగించి, కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం పోయించాను. థర్మోస్టాట్ తీసి పారెయ్యమన్నారు కొందరు, అది మాత్రం వద్దండి, ఇంజన్ వేడెక్కడానికి చాలాసేపు పట్టి మైలేజీ పడిపోతుంది. కొత్తది వేయించాను.

నిన్న ఏసీ వేసుకుని నలుగురం అంతర్వేది వెళ్లొచ్చాం, ముల్లు సగం దాటలేదు.