న్యూగ్రేంజ్ తెల్ల గోడ: పడిపోయినదాన్ని మళ్ళీ కట్టి చూపించడం సరైనదేనా?

పల్నాటి వాసి (డబ్లిన్)

అమ్మానాన్న మూడు నెలలు ఉండటానికి డబ్లిన్ వచ్చారు. పోయిన ఆదివారం వాళ్ళని మీత్ కౌంటీలోని న్యూగ్రేంజ్‌కి తీసుకెళ్ళాను. చూడనివాళ్ళ కోసం చెప్తున్నాను: అది బోయిన్ నది దగ్గర దాదాపు 5,200 ఏళ్ల కిందట కట్టిన సమాధి దిబ్బ. గీజా పిరమిడ్ల కంటే పాతది. పైన పచ్చగడ్డి, ముందు వైపు ధగధగలాడే తెల్లటి పలుగురాళ్ళ గోడ. ఐర్లండ్ గురించిన ఏ పుస్తకం తెరిచినా ఆ గోడ ఫోటో ఉంటుంది.

మా నాన్న నలభై ఏళ్లు తాపీ పని చేసిన మేస్త్రి. ఆ గోడ ముందు ఐదు నిమిషాలు కదలకుండా నిలబడ్డారు. "ఒరే, ఈ పలుగురాళ్ళు ఇంత నిటారుగా ఇన్ని వేల ఏళ్లు నిలబడవు. వెనకాల కాంక్రీటు ఉండాలి" అన్నారు. గైడుని అడిగితే నిజమేనని చెప్పింది. ప్రొఫెసర్ మైకేల్ ఓకెల్లీ 1962 నుంచి 1975 దాకా అక్కడ తవ్వకాలు జరిపారు. అప్పుడు ఆ రాళ్ళు గోడగా లేవు, దిబ్బ ముందు నేల మీద పొరగా పరుచుకుని ఉన్నాయి. ఒకప్పుడు గోడగా ఉండి కూలిపోయాయని ఆయన నిర్ణయించారు. ఆ లెక్క ప్రకారం ఉక్కు వేసిన కాంక్రీటు గోడ పోసి, దాని ముఖాన రాళ్ళు పొదిగారు.

కారు ఎక్కాక నాన్న అడిగిన మాట ఇంకా నన్ను వదలట్లేదు. "మరి మనం టికెట్ కొని చూసింది ఐదు వేల ఏళ్ల నాటిదా, యాభై ఏళ్ల నాటిదా?"

ఆ గోడ కట్టకుండా ఉండాల్సిందని నా అభిప్రాయం. పాతదాన్ని కాపాడటం వేరు, ఇలా ఉండేదేమో అని కొత్తగా కట్టడం వేరు. మీరేమంటారు?

షానన్ తీరం (లిమరిక్)

తమ్ముడూ, మీ నాన్నగారి కంటికి దండం పెట్టాలి. కానీ మీరు తేల్చిన మాటతో మాత్రం నేను ఏకీభవించను.

మేము పద్నాలుగేళ్లుగా లిమరిక్‌లో ఉంటున్నాం. ఊరి నుంచి ఎవరొచ్చినా ముందు బన్రాటీ కోటకే తీసుకెళ్తాను. 1425 ప్రాంతంలో మక్‌నమారా వంశం వాళ్ళు కట్టించారు, తర్వాత ఓబ్రయన్ల చేతికి వెళ్ళింది. 1954లో లార్డ్ గోర్ట్ కొనేనాటికి అది పాడుబడిన కోట. ప్రభుత్వ సాయంతో బాగుచేయించి, ఆ కాలపు బల్లలు, భోషాణాలు, గోడకు వేలాడదీసే తెరలు సేకరించి పెట్టి, 1960లో జనానికి తెరిచారు. మా పెద్దవాడు ఎనిమిదేళ్లప్పుడు ఆ ఇరుకు మెట్లు ఎక్కి పెద్ద హాల్లోకి రాగానే, "ఇంత చలిలో వీళ్ళు ఎలా పడుకునేవాళ్ళమ్మా?" అని అడిగాడు. అదే పిల్లవాడు దారిలో కప్పులేని బురుజులు ఎన్నో చూశాడు, ఒక్క ప్రశ్న కూడా వేయలేదు.

పడిపోయిన రాళ్ళు చూసి గోడ ఊహించుకోవడం మీ నాన్నగారికి వచ్చు. మాలాంటివాళ్ళకి రాదు. మాకు ఎవరో ఒకరు కట్టి చూపించాలి.

రాత్రి పూట అక్కడ జరిగే విందుల గురించి కొందరు తేలిగ్గా మాట్లాడతారు. 1963 నుంచి నడుస్తున్నాయవి. అది నాటకమని వచ్చినవాళ్ళందరికీ తెలుసు. ఎవరినీ మోసం చేయట్లేదు.

ఓరుగల్లు బిడ్డ (కార్క్)

అక్కా, మీరు చివర్లో అన్న మాటలోనే అసలు విషయం ఉంది. బన్రాటీ విందు నాటకమని అందరికీ తెలుసు. న్యూగ్రేంజ్ గోడ కొత్తదని ఎంతమందికి తెలుసు? ఒక మేస్త్రి వచ్చి పట్టుకుంటే తప్ప.

ఇంకో తేడా. బన్రాటీ గోడలు నిలబడే ఉన్నాయి. అలాంటి కోట ఇళ్ళు ఐర్లండ్ నిండా ఉన్నాయి కాబట్టి లోపల ఎలా ఉండేదో పోల్చి చూసుకోవచ్చు. న్యూగ్రేంజ్ కట్టినవాళ్ళు మనకి ఒక్క అక్షరం కూడా రాసిపెట్టలేదు.

అక్కడికి దగ్గర్లోనే ఉన్న నౌత్ దిబ్బకి వెళ్ళి చూడండి. అదే లోయ, ఇంచుమించు అదే కాలం, అవే పలుగురాళ్ళు. దాన్ని తవ్విన జార్జ్ ఓగన్ ఆ రాళ్ళని గోడకి ఎక్కించలేదు. గుమ్మం ముందు నేల మీద పరిచినవే అని నమ్మి అలాగే పరిచి ఉంచారు. మూడోది డౌత్. 1847లో తవ్వి వదిలేసిన గుంత ఇప్పటికీ దాని నడినెత్తిన ఉంది. ఒకదాన్ని నిలబెట్టారు, ఒకదాన్ని పరిచారు, ఒకదాన్ని గాయంతోనే వదిలేశారు. కాగితం మీద అయితే ఓకెల్లీ మాట, ఓగన్ మాట రెండూ పక్కపక్కన ఉండొచ్చు. కాంక్రీటు పోశాక ఆ చోట ఒకరి మాటే మిగులుతుంది. నాకు బాధ అక్కడ.

పాడుబడటం కూడా చరిత్రే కదా. టిపరేరీలో రాక్ ఆఫ్ క్యాషెల్ చూశారా? 1647లో ఇంచిక్విన్ ప్రభువు సైన్యం ఆ గుట్ట మీద తలదాచుకున్నవాళ్ళని ఊచకోత కోసింది. 1749లో ఆర్చ్‌బిషప్ ప్రైస్ కాలంలో ఆ పెద్ద చర్చిని వదిలేసి కప్పు తీసేశారు. ఇప్పుడు ఆ గోడల మధ్య నిలబడి తలెత్తితే ఆకాశం కనిపిస్తుంది. రేపు ఎవరో వచ్చి దానికి అందమైన కప్పు వేస్తే ఆ రెండు సంగతులూ కప్పు కిందే కప్పబడిపోతాయి.

బోయిన్ గట్టు

నేను సివిల్ ఇంజినీరుని, ఇక్కడ పాత కట్టడాల మరమ్మతు పనుల్లో ఎనిమిదేళ్లు ఉన్నాను. కట్టాలా వద్దా అన్న వాదనలో ఇద్దరూ వాన సంగతి మరిచిపోయారు.

ఐర్లండ్ వాన మన తుఫాను వాన కాదు. సన్నగా, రోజుల తరబడి, గాలితో అడ్డంగా కొడుతుంది. కప్పు పోయిన గోడకి పైనుంచి నీళ్ళు దిగుతాయి, సున్నం కరిగి కారిపోతుంది, ఆ సందుల్లో ఐవీ తీగ వేళ్లు దించుతుంది. శిథిలాన్ని శిథిలంగా వదిలేస్తే కొన్నాళ్ళకి శిథిలం కూడా మిగలదు. పైగా గత శతాబ్దంలో మంచి ఉద్దేశంతోనే చాలాచోట్ల సున్నం బదులు సిమెంటుతో సందులు పూడ్చారు. సిమెంటు నీటిని బయటికి పోనివ్వదు, తడి లోపలే ఉండి రాయి పొరలు పొరలుగా రాలుతుంది. ఇప్పుడు ఆ సిమెంటు చెక్కి తీసి మళ్ళీ సున్నం పెట్టడమే మాకు పెద్ద పని.

ఓరుగల్లు అన్న చెప్పిన క్యాషెల్ గుట్ట మీదే కోర్మాక్ చాపెల్ ఉంది, 1134లో ప్రతిష్ఠ చేసినది. ఇసుకరాయి కట్టడం. వందల ఏళ్ల వానకి రాయంతా నానిపోయి, లోపల ఉన్న అపురూపమైన కుడ్యచిత్రాలు పాడవుతుంటే, దాని చుట్టూ పరంజా కట్టి, పైన కప్పు వేసి, ఏళ్ల తరబడి ఆరబెట్టారు. ట్రిమ్‌లో హ్యూ డి లేసీ కోట చూడండి. ఐర్లండ్‌లో నార్మన్లు కట్టిన కోటల్లో అన్నిటికంటే పెద్దది. 2000లో తెరిచేముందు నడిమి బురుజుకి రక్షణగా కప్పు వేశారు, లోపల నడవడానికి దారులు అమర్చారు. కానీ పడిపోయిన అంతస్తులు తిరిగి కట్టలేదు. ఏది పాతదో ఏది కొత్తదో చిన్నపిల్లాడు కూడా చెప్పగలడు. నా మటుకు ట్రిమ్ పద్ధతే మంచిది.

ఇంకో సంగతి: నౌత్ అంతా పవిత్రంగా ఉంచారని కూడా అనుకోవద్దు. తూర్పు గుమ్మం పక్కన మనం వెళ్ళి కూర్చునే గది కొత్తగా కట్టిందే.

డిసెంబర్ 21

గోడ ఒక్కటే కాదు కదా న్యూగ్రేంజ్. లోపలి నడవ, గది సంగతేమిటి? శీతాకాలపు అయనాంతం రోజు తెల్లవారగానే గుమ్మం పైన ఉన్న రాతి కిటికీలోంచి ఎండ దూరి, నడవ వెంట పాకి, లోపలి గదిని చేరుతుంది. దాదాపు 17 నిమిషాలు ఉంటుంది. 1967 డిసెంబర్ 21న ఓకెల్లీ ఒక్కడే లోపల నిలబడి చూశారు. అదే మనిషి, అదే తవ్వకం. ఆయన గోడని నమ్మకపోతే ఆ కిటికీని ఎలా నమ్ముతారు? నిజానికి దాని మీద కూడా కొన్నేళ్ల కిందట ఒక పురావస్తు నిపుణుడు సందేహం లేవనెత్తారు, మిగతావాళ్ళు గట్టిగా ఖండించారు.

పల్నాటి వాసి (డబ్లిన్)

మంచి ప్రశ్న. తేడా ఉందనే నా నమ్మకం. లోపలికి వాలిపోయిన నడవ రాళ్ళని ఓకెల్లీ నిలబెట్టారు, అంటే ఉన్నవాటిని సరిచేశారు. లోపలి గది కప్పునైతే ముట్టుకోనే లేదు. ఒకదాని మీద ఒకటి కొంచెం కొంచెం ముందుకు జరిపి పేర్చిన పలకలు, ఆరు మీటర్ల ఎత్తు, అయిదు వేల ఏళ్లుగా కింద చుక్క నీరు పడలేదు. నాన్న అక్కడ తల పైకెత్తి చూస్తూ మాట్లాడలేదు, బయటికొచ్చాక "వాళ్ళు మేస్త్రీలంటే" అన్నారు. కిటికీకి సూర్యుడే సాక్షి. గోడకి అలాంటి సాక్షి లేడు.

గుమ్మం దగ్గర ఇంకొకటి గమనించాం. దారికి అటూ ఇటూ లోపలికి వంగిన నల్లరాతి గోడలున్నాయి. మనం నడవడానికి అవి కొత్తగా కట్టారు, లేకపోతే చుట్టలు చెక్కిన ఆ గుమ్మపు రాయి మీదుగా ఎక్కి వెళ్ళాలి. రంగే వేరు కాబట్టి అవి కొత్తవని తెలిసిపోతుంది. ఆ పని నాకు నచ్చింది.

సాగర్ ఆడపడుచు (గాల్వే)

మీ అందరి మాటలూ చదివాక నాకు మా అనుపు గుర్తొచ్చింది. నాగార్జునసాగర్ డ్యామ్ కడుతున్నప్పుడు ఇక్ష్వాకుల విజయపురి మునిగిపోతుందని తెలిసి, 1954 నుంచి 1960 దాకా ఆ లోయంతా తవ్వారు. కొన్ని కట్టడాలని విప్పి నాగార్జునకొండ మీదికి, కొన్నిటిని ఒడ్డున అనుపుకి తరలించి మళ్ళీ కట్టారు. మేము చిన్నప్పుడు ఆ మెట్ల రంగస్థలంలో కూర్చుని కేకలేసి ప్రతిధ్వని వినేవాళ్ళం. అది అసలు చోటు కాదు. అయినా అది లేకపోతే మాకు విజయపురి అన్న పేరే తెలిసేది కాదు, మా నాయనమ్మ ఊరిలాగే నీళ్ళ కింద ఉండేది. కాబట్టి "మళ్ళీ కట్టింది నకిలీ" అని ఎవరన్నా నాకు మనసు చివుక్కుమంటుంది.

ఓరుగల్లు బిడ్డ (కార్క్)

అక్కా, మీ బాధ అర్థమైంది. నేను నకిలీ అనను. అనుపులో మునిగిపోయే గండం ఉంది, కదిలించక తప్పలేదు. మా వేయిస్తంభాల గుడి కల్యాణ మండపాన్ని కూడా రాయి రాయీ విప్పి ఏళ్ల తర్వాత మళ్ళీ నిలబెట్టారు, 2024 మార్చిలో తెరిచారు. ఏ రాయి ఎక్కడిదో అక్కడ తెలుసు. న్యూగ్రేంజ్ పలుగురాయికి ఏ వరస, ఏ ఎత్తు అన్నది ఎవరికీ తెలియదు. పాత కట్టడాల పరిరక్షణ మీద 1964లో చేసుకున్న వెనిస్ ఒప్పందం చెప్పేదీ ఇదే: విడిపోయిన అసలు ముక్కల్ని కూర్చవచ్చు, కొత్తగా చేర్చింది కొత్తదని కనిపించాలి, ఊహ మొదలైన చోట పని ఆగాలి.

షానన్ తీరం (లిమరిక్)

ఊహ మొదలైన చోట ఆగాలంటే ఏ తల్లీ పిల్లలకి కథ చెప్పలేదు నాయనా. ఓకెల్లీ గాలిలో మేడ కట్టలేదు, రాళ్ళు పడి ఉన్న తీరు కొలిచి, లెక్క వేసి కట్టారు. రేపు ఆయన లెక్క తప్పని తేలితే తీసేస్తారు. అంతవరకు ఆ తెలుపు చూసి కారు ఆపి దిగే జనం ఉన్నారు. నేనూ అలాగే దిగాను. చుట్టలు చెక్కిన ఆ రాయి చూసింది కూడా ఆ తెలుపు పిలిస్తేనే.

పల్నాటి వాసి (డబ్లిన్)

నిన్న మళ్ళీ వెళ్ళాం, ఈసారి నౌత్‌కి. నాన్న గుమ్మం ముందు గొంతుక్కూర్చుని, నేల మీది పలుగురాళ్ళని చాలాసేపు చూశారు. ఈ రాళ్ళు వచ్చింది విక్లో కొండల నుంచని గైడు చెప్పగానే, అంత దూరం మోసినవాళ్ళు వీటిని కాళ్ళ కింద పరుస్తారా అని అనుమానం వ్యక్తం చేశారు. అంటే గోడని పట్టుకున్న మనిషే ఇప్పుడు ఓకెల్లీ వైపు కొంచెం మొగ్గుతున్నారు! ఇంట్లో రాత్రంతా ఇదే చర్చ. అమ్మ మాత్రం పరిచారనే అంటోంది, ముంగిట్లో ముగ్గు పెట్టుకున్నట్టు.

నా మొదటి మాట కొంత మార్చుకుంటున్నాను, అక్క చెప్పింది నిజం, కూల్చమని అడగను. గైడులు అడిగితే దాచకుండా చెప్తున్నారు, అదీ ఒప్పుకుంటాను. కానీ అడిగితేనే. ఆ గోడ ముందు, బస్సు దిగి నడిచొచ్చే దారిలోనే, "ఈ గోడ మేము కట్టినది, ఇందుకోసం ఇలా కట్టాం, పక్క దిబ్బలో ఇంకోలా అనుకున్నారు" అని ఒక రాతి పలక మీద రాసి పెట్టాలి. ఈ దిబ్బల్ని చూసుకునే ప్రభుత్వ శాఖకి ఉత్తరం రాద్దామనుకుంటున్నాను. బోయిన్ గట్టు అన్నా, సున్నం, కాంక్రీటు సంగతులు తప్పుల్లేకుండా రాయడానికి మీరు ఒకసారి చూసి పెడతారా? వచ్చే శనివారం నాన్నని ట్రిమ్ తీసుకెళ్తున్నాను, వీలైతే అక్కడే కలుద్దాం.