యాంగ్ యోంగ్‌లియాంగ్ కొండలను దగ్గరగా చూసినవారు ఉన్నారా?

నమస్కారం. షాంఘైలో 1980లో పుట్టిన యాంగ్ యోంగ్‌లియాంగ్ డిజిటల్ చిత్రాలు కొన్నాళ్లుగా నన్ను వదలడం లేదు. దూరం నుంచి చూస్తే చైనా సోంగ్ రాజవంశ కాలపు (10–13 శతాబ్దాలు) సిరా చిత్రమే అనిపిస్తుంది: నిటారైన కొండ, పొగమంచు, కింద నీళ్లు. తెరమీద పెద్దది చేసి చూసేసరికి గుండె ఝల్లుమంది. కొండ చరియ అంతా ఒకదానిపై ఒకటి పేర్చిన అపార్టుమెంట్లు. చెట్టు ఉండాల్సిన చోట విద్యుత్ స్తంభం, శిఖరం అంచున క్రేన్. అన్నీ ఫోటోలే! చిన్నప్పటి నుంచి సంప్రదాయ చిత్రలేఖనం, అక్షరలేఖనం నేర్చుకున్న చెయ్యి కాబట్టే ఇది సాధ్యమైందని నా నమ్మకం.

నేనూ భవనాల ఫోటోలు తీసి అలా అతకడానికి ప్రయత్నిస్తున్నాను. ఒక ఫోటోలో నీడ ఎడమకు, పక్కదానిలో కుడికి పడుతోంది. ఎంత సరిచేసినా కొండ కావడం లేదు, ఇటుకల కుప్పలాగే ఉంటోంది. మబ్బు పట్టిన రోజు తీసినవే వాడాలా? నలుపు తెలుపులోకి మార్చాక అతకాలా, ముందే అతకాలా?

ఇంకొక సందేహం. 11వ శతాబ్దపు చైనా చిత్రకారుడు గువో షీ కొండను చూడడానికి మూడు దూరాలు చెప్పాడు: కింది నుంచి పైకి, ముందు నుంచి వెనక్కి, దగ్గరి నుంచి సుదూరానికి. కెమెరాకు ఉన్నది ఒక్క కన్నే కదా, మూడింటినీ ఒకే చిత్రంలో ఎలా ఇమడ్చాలి? మధ్యలో మంచును ఖాళీగా వదలడమే అందుకు దారా?

అసలు ప్రింట్లను ప్రదర్శనలో చూసినవారు, ఫోటోలు అతికే పని తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పండి.