ఇంటి చెట్ల కొమ్మలకు చిన్న బ్యాటరీ రంపం: ఏది కొనాలి?

ప్రశ్న (తణుకు)

నమస్కారం అండి. మా పెరట్లో ఒక బంగినపల్లి మామిడి, రెండు జామలు, ఒక మునగ, గోడ దాటి రోడ్డు మీదికి పాకేసిన కాగితం పూల చెట్టు ఉన్నాయి. కొమ్మలు కొట్టడానికి మనిషి దొరకడమే కష్టంగా ఉంది. దొరికినా కత్తితో నాలుగు వేట్లు వేసి, బెరడు కాండం దాకా చీల్చేసి పోతున్నారు. అందుకని చేతిలో ఇమిడే బ్యాటరీ చెయిన్ సా కొందామనుకుంటున్నాను. ఆన్‌లైన్‌లో 4 అంగుళాలవి, 6 అంగుళాలవి ఉన్నాయి. ఒకదాని మీద 21 వోల్టులు అని, ఇంకోదాని మీద 48 అని, మరోదాని మీద 88 అని రాసి ఉంది. రెండు బ్యాటరీలతో కలిపి మూడు వేల లోపే. పేరున్న కంపెనీవి దానికి ఎన్నో రెట్లు. ఇంట్లో బాష్ నీలం రంగు 18 వోల్టుల డ్రిల్లు ఒకటి ఉంది. నాన్నగారికి 68 ఏళ్లు, రంపం ఇంటికొస్తే ముందు ఆయనే పట్టుకుంటారు. ఏది తీసుకోమంటారు?

జవాబు (కడియం)

మిషన్ సంగతి తర్వాత, ముందు ఒక పురికొస తీసుకుని పెరట్లోకి వెళ్లండి. మీరు తీసేయాలనుకున్న ప్రతి కొమ్మ చుట్టూ కొస తిప్పి కొలవండి. ఆ చుట్టుకొలతని మూడుతో భాగిస్తే దాదాపుగా మందం వస్తుంది. ఈ లెక్క లేకుండా ఏది కొనమన్నా అది ఊహే అవుతుంది.

బొటనవేలంత, అంటే 2 సెంటీమీటర్ల లోపు కొమ్మకి సికేచర్, అంటే ఒంటి చేత్తో పట్టే కొమ్మల కత్తెర, చాలు. 3, 4 సెంటీమీటర్ల దాకా రెండు చేతులతో పట్టే పొడుగు పిడుల కత్తెర తేలిగ్గా తెంపేస్తుంది. ఇంటి చెట్లలో మనం తీసే కొమ్మల్లో ఎక్కువ భాగం ఈ రెండింటికే లొంగుతాయి. మీ కాగితం పూల చెట్టు మొత్తం ఆ కత్తెర పనే. సన్నగా ఊగే కొమ్మ మీద చెయిన్ పెడితే కోయదు, కొమ్మని లాక్కుని ముళ్లతో సహా మన మీదికి విసురుతుంది.

ఆ పైన మణికట్టంత మందం వాటికి నా మొదటి ఓటు మడత రంపానికి. లాగేటప్పుడు కోసే పళ్లు ఉన్నది చూసి తీసుకోండి. పచ్చి జామకొమ్మని అది వెన్నలా కోస్తుంది. నాన్నగారి చేతికి ఇవ్వాల్సింది ఇదే. మణికట్టు మందం కొమ్మలు పదీ ఇరవై ఉంటేనో, లావు కొమ్మలు ఉంటేనో మిషన్ ఆలోచించండి. కొలిచి చెప్పండి, అప్పుడు మాట్లాడుకుందాం.

జవాబు (హనుమకొండ)

అన్నా, నేను పవర్ టూల్స్ రిపేరు చేస్తా. వోల్టుల గురించి నేను చెప్తా.

నువ్వు చూసిన 21, 48, 88 మూడింటి లోపల చాలావరకు ఉండేది ఒకటే, ఐదు లిథియం సెల్లులు. ఒక్కో సెల్లు మామూలుగా 3.6 వోల్టులు, ఐదూ కలిపితే 18. ఫుల్ చార్జి అయిన నిమిషాన ఒక్కోటి 4.2 చూపిస్తది, ఐదింటికి 21. అందుకే ఒకాయన 18 అని రాస్తడు, ఇంకొకాయన 20 మ్యాక్స్ అంటడు, మరొకాయన 21 అంటడు. సరుకు ఒక్కటే. 48, 88 పక్కన చిన్నగా వీఎఫ్ అని ఉంటది చూడు, అది వోల్టేజే కాదు, మోడల్ పేరు లెక్క రాసుకున్నరు. మరోపక్క స్టిల్ కంపెనీ జీటీఏ 26 ఉంది. అది 10.8 వోల్టులే, బార్, అంటే చెయిన్ చుట్టూ తిరిగే ఇనుప పట్టీ, 4 అంగుళాలదే, కానీ చెయిన్ మంచిది, మోటారు మంచిది, కోత శుభ్రంగా ఉంటది. కాబట్టి ఆ స్టిక్కరు మీద అంకె చూసి ఎన్నడూ కొనకు.

చూడాల్సినవి వేరే ఉన్నయి. చెయిన్ పాడైతే అదే కొలత చెయిన్ మీ ఊళ్లో దొరుకుతదా? చెయిన్ అడుగున బార్ గాడిలో కూర్చునే పళ్లు ఉంటయి, వాటిని లెక్కపెట్టి రాసి పెట్టుకోవాలి. 4 అంగుళాల వాటికి మామూలుగా 28 ఉంటయి. మిషన్‌తో పాటే రెండు చెయిన్లు అదనంగా కొనాలి. రెండోది, చార్జరు. నా దగ్గరికి వచ్చే చవక మిషన్లలో మోటారు బాగానే ఉంటది, బ్యాటరీ చచ్చిపోయి ఉంటది. చార్జి నిండినా కట్ చేసుకోని చార్జర్లు ఇస్తరు, రాత్రంతా పెట్టి వదిలేస్తరు. అసలు అట్ల పెట్టొద్దు. మనం మెలకువగా ఉన్నప్పుడే, మంచం పరుపు పక్కన కాకుండా బండ మీద పెట్టి చార్జి చేయాలి.

ఇగ నీ దగ్గర నీలం బాష్ డ్రిల్లు ఉందన్నవు గదా, సగం ఖర్చు అక్కడే తప్పింది. అదే బ్యాటరీకి ఎక్కే రంపం ఒంటి మిషన్, అంటే బ్యాటరీ, చార్జరు లేకుండా, దొరుకుతది. ఒక్క జాగ్రత్త. బాష్‌లనే ఆకుపచ్చ రంగువి ఉంటయి, ఇంటి వాడకానివి. ఆ 18 వోల్టుల బ్యాటరీ నీలం దానికి ఎక్కదు, నీలంది దానికి ఎక్కదు. రంగు చూసి కొను.

తణుకు

కొలిచానండి. జామకొమ్మలు అన్నీ 4 నుంచి 6 సెంటీమీటర్లు. మామిడికి 6, 7 సెంటీమీటర్లవి చాలా ఉన్నాయి, ఒకటి మాత్రం 11. అది డాబా వైపు వచ్చేసింది. ఇంకో కొమ్మ కరెంటు సర్వీసు వైరు మీద వాలి ఉంది. నీలం బ్యాటరీకి ముందుకీ వెనక్కీ ఆడే బ్లేడు మిషన్, రెసిప్రొకేటింగ్ సా అంటున్నారు కదా, అదే కనిపించింది. చెయిన్ సా మంచిదా, అది మంచిదా?

జవాబు (కడియం)

11 సెంటీమీటర్ల కొమ్మ ఉందన్నాక 4 అంగుళాల చెయిన్ సా పక్కకి పోయినట్టే. బార్ 4 అంగుళాలంటే ఒక్క పట్టున నిజంగా కోసేది 3 అంగుళాలకి కాస్త అటూ ఇటూ. 7 సెంటీమీటర్ల కొమ్మలకి సరిపోతుంది, అంతే.

రెండింటికీ తేడా చెబుతాను. చేతి చెయిన్ సా బరువు తక్కువ, కోత చకచకా తెగుతుంది. కానీ దానికి నూనె కావాలి, చెయిన్ బిగువు చూసుకుంటూ ఉండాలి. పీచు ఉన్న బెరడు తగిలితే లోపల చక్రానికి చుట్టుకుంటుంది, మునగ దగ్గర, కొబ్బరి మట్టల దగ్గర ఇదే గోల. అన్నిటికన్నా నాకు భయం వేసేది ఎడమ చెయ్యి. మిషన్ ఒక చేతిలో ఇమిడిపోతుంది కాబట్టి రెండో చెయ్యి తనంతట తనే వెళ్లి కొమ్మని పట్టుకుంటుంది. కుడిచేతిలో చెయిన్, దానికి జానెడు దూరంలో ఎడమచేతి వేళ్లు. కొమ్మ తెగిన క్షణంలో మిషన్ ఎటు ఒరుగుతుందో ఎవరికీ తెలియదు. బార్ కొస పై అంచు దేనికైనా తగిలితే ఒక్కసారి వెనక్కి ఎగురుతుంది. పెద్ద చెయిన్ సాలకి ఉండే బ్రేకు ఈ చిన్నవాటిలో చాలావాటికి ఉండదు.

బ్లేడు మిషన్‌కి రెండు చేతులూ కావాలి, అదే దాని మంచి గుణం. బరువు మాత్రం బ్యాటరీతో కలిపి దాదాపు 3 కిలోలు ఉంటుంది, భుజం ఎత్తు దాటితే చేతులు లాగేస్తాయి. నూనె అక్కర్లేదు, బిగువు గొడవ లేదు. బ్లేడు మొండిబారితే కొన్ని వందలు పెట్టి కొత్తది వేసుకోవడమే. ఏ కంపెనీ బ్లేడైనా దాదాపు అన్ని మిషన్లకీ పడుతుంది. అయితే మిషన్‌తో వచ్చే బ్లేడు పచ్చి కొమ్మకి పనికిరాదు. అంగుళానికి ఐదారు పళ్లు ఉండి, 9 అంగుళాల పొడుగున్న పచ్చి కర్ర బ్లేడు అడగండి. బాష్‌లో దాన్ని ఎస్ 1531 ఎల్ అంటారు. సన్నపళ్ల బ్లేడు అయితే తడిపొట్టు ఇరుక్కుని వేడెక్కడమే గాని కోత పడదు.

వాడేటప్పుడు మిషన్ ముందున్న ఇనుప పాదాన్ని కొమ్మకి గట్టిగా ఆనించాలి. ఆనించకపోతే మిషన్ కోయదు, కొమ్మనీ మిమ్మల్నీ కలిపి ఊపేస్తుంది. బ్లేడు కొస వెనక ఉన్న కొమ్మకి తగలకుండా చూసుకోవాలి, తగిలితే ఎదురు తంతుంది.

మీ ఇంటికి నేనైతే బ్లేడు మిషన్, మడత రంపం, పొడుగు పిడుల కత్తెర, ఈ మూడే చెబుతాను.

సర్వీసు వైరు మీద వాలిన కొమ్మ జోలికి మీరు వెళ్లవద్దు. బ్యాటరీ మిషన్ కదా, వైరు లేదు కదా అని ధైర్యం చేస్తారు. పచ్చి కొమ్మలో నీరుంటుంది, కరెంటు దాని గుండానే వచ్చేస్తుంది. 1912కి ఫోన్ చేసి, లైన్‌మన్ వచ్చి సరఫరా ఆపాకే దాని పని.

ప్రశ్న (గుంటూరు)

మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. మా ఇంట్లో 6 అంగుళాల చిన్న చెయిన్ సా ఉంది. చెయిన్ ఊడితే మా తమ్ముడు మళ్లీ ఎక్కించాడు. అప్పటినుంచీ తిరుగుతోంది, పొగ వస్తోంది, కొమ్మ నల్లబడుతోంది, కోత మాత్రం పడట్లేదు. మోటారు పోయిందా?

జవాబు (హనుమకొండ)

మోటారుకు ఏం కాలేదు తమ్మీ. చెయిన్ తిరగేసి ఎక్కించి ఉంటరు. ముందుగాల బ్యాటరీ తీసి పక్కన పెట్టు, తర్వాత చెయిన్ ముట్టుకో. బార్ పై అంచున ఉన్న కోత పళ్లను చూడు. వాటి పదును మొహం బార్ కొస దిక్కు, అంటే నీకు దూరంగా ముందుకు ఉండాలి. నీ దిక్కు చూస్తుంటే తిరగబడ్డట్టే. మూత విప్పి చెయిన్ తిప్పి వేయి.

బిగువు ఇట్ల చూడు. బార్ కింది అంచు మధ్యలో చెయిన్‌ను వేళ్లతో కొంచెం కిందికి లాగి వదులు. టప్పున తిరిగి అంటుకోవాలి, లాగినప్పుడు అడుగు పళ్లు గాడిలోంచి పూర్తిగా బయటికి రావద్దు. చేతితో తిప్పితే ఆగకుండ జరగాలి. కొత్త చెయిన్ వేడికి సాగుతది, పని నడుమ ఆపి ఒకసారి చూసుకోవాలి. ఈ చిన్న మిషన్లలో చాలావాటికి నూనె దానంతట అది రాదు, స్టిల్ దానికి కూడా చేతితోనే వేయాలి. చెయిన్ ఆయిల్ చుక్కలు చుక్కలుగ వేయి. బండిలోంచి తీసిన పాత ఇంజన్ ఆయిల్ మాత్రం వద్దు, అందులో ఇనుప రజను ఉంటది, చెట్టు కోతకు, మన చర్మానికి కూడా మంచిది కాదు.

ప్రశ్న (డాలస్)

నేను వచ్చే నెల ఇండియా వస్తున్నాను. ఇక్కడ ఈ బ్యాటరీ రంపాలు సేల్‌లో బాగా తగ్గాయి. మా మావయ్యగారి తోటకి ఒకటి తీసుకురావచ్చా?

జవాబు (హనుమకొండ)

మిషన్ తెచ్చుకోవచ్చు, చిక్కంతా చార్జరు దగ్గర. అమెరికాలో అమ్మే టూల్ చార్జర్లు చాలావరకు 120 వోల్టులకే చేసినవి. ఇక్కడ 230. ప్లగ్గు అడాప్టరు పెట్టి గుచ్చితే నిమిషంల పోతది. చార్జరు వెనక 100–240 అని రాసి ఉంటేనే తే, లేకుంటే అదే బ్యాటరీకి ఇక్కడి చార్జరు దొరుకుతదో లేదో ముందే కనుక్కో. డీవాల్ట్‌లో అక్కడ 20 వోల్టుల మ్యాక్స్ అన్నదే వేరే కొన్ని దేశాలల్ల 18 వోల్టులు, బ్యాటరీ ఒకటే. విమానంలో మిషన్ చెకిన్ బ్యాగులో, విడి బ్యాటరీలు చేతి బ్యాగులో పెట్టాలి. విడి బ్యాటరీ చెకిన్‌లో పెడితే తీసేస్తరు. 100 వాట్ అవర్ల లోపుంటే ఇబ్బంది లేదు. 18 వోల్టుల 5 ఆంపియర్ అవర్ బ్యాటరీ, రెండు అంకెలూ గుణిస్తే, 90 అవుతది, అది సరిపోతది. ఏదైనా నీ ఎయిర్‌లైన్స్ వాళ్లను ఒకసారి అడుగు.

తణుకు

చాలా సంతోషం అండి. బ్లేడు మిషన్ ఒంటిదే తీసుకుంటున్నాను, మడత రంపం నాన్నగారికి. కాయలు కోసేశాం, ఇప్పుడే కొట్టేయొచ్చా? ఆ 11 సెంటీమీటర్ల కొమ్మ డాబా పిట్టగోడ పక్కనే ఉంది, బెరడు చీలకుండా ఎలా తీయాలి?

జవాబు (కడియం)

మామిడికి ఇదే అదను. కోత అయిపోయాక జూన్, జూలైలో తీసేస్తే వానలకి కొత్త చిగురు వచ్చి, అది ముదిరి, చలికాలంలో పూతకి అందుకుంటుంది. ఆలస్యం చేసి అక్టోబరులో కొడితే ఆ కొమ్మల మీద వచ్చే ఏడు పూత ఆశ వదులుకోవాల్సిందే. జామకి అంత పట్టింపు లేదు, అది కొత్త చిగురు మీదే పూస్తుంది. మునగ కొమ్మ పెళుసు, దానికి నిచ్చెన ఆనించనే వద్దు, కింద నుంచే తీయండి.

లావు కొమ్మని మూడు కోతల్లో తీయాలి. కాండం నుంచి ఒక అడుగు ఇవతల, కింది వైపు నుంచి పైకి, మందంలో మూడో వంతు కోసి ఆపేయండి. అంతకన్నా లోతుకి వెళ్తే కొమ్మ బరువుకి బ్లేడు నొక్కుకుపోతుంది. తర్వాత దానికి రెండంగుళాలు కొస వైపు జరిగి, పైనుంచి కిందికి కోయండి. కొమ్మ పటుక్కున విరిగి పడుతుంది, కింది కోత దగ్గర చీలిక ఆగిపోతుంది. ఇక మిగిలింది బరువులేని మోడు. అది కాండంలో కలిసే చోట ముడతలు పడి ఉబ్బెత్తుగా ఒక మెడ ఉంటుంది. ఆ మెడని కోయకూడదు, దాన్ని ఆనుకుని ఇవతలగా మోడు తీసేయాలి. చెట్టు గాయం మాన్చుకునేది ఆ మెడలోంచే. మీ మనుషులు కత్తితో నరికినప్పుడు పోయేది అదే.

ఈ పని డాబా మీద నిలబడి, నడుం ఎత్తులో అందేటట్టయితేనే చేయండి. పిట్టగోడ మీదికి వంగవద్దు, నిచ్చెన మీద మిషన్ అసలు వద్దు. కళ్లకి రక్షణ అద్దాలు, బూట్లు, గ్లౌజులు ఉండాలి, లుంగీ ఉండకూడదు. కొమ్మ పడే చోట ఎవరూ లేకుండా ఒక మనిషిని కింద నిలబెట్టండి. మామిడి సొన కళ్లలో పడితే మంట, ఒంటి మీద పడితే పొక్కుతుంది, పొడుగు చేతుల చొక్కా వేసుకోండి.

కోతలకి బోర్డో పేస్టు, అంటే తెగులు పట్టకుండా పూసే మందు, పూయండి. 100 గ్రాముల మైలుతుత్తం అర లీటరు నీళ్లలో, 100 గ్రాముల సున్నం ఇంకో అర లీటరులో విడివిడిగా కలిపి, రెండూ మూడో బకెట్టులో పోసి కలపాలి. ప్లాస్టిక్కు బకెట్లే వాడండి, ఇనుము తగలకూడదు. కలిపిన రోజే పూసేయాలి, నిలవ ఉంటే పనిచేయదు. వాన లేని పూట చూసి, కొబ్బరి పీచు కుంచెతో కోత మొహం అంతా పట్టించండి. పని అయ్యాక బ్లేడు మీద సొన ఆరకముందే కిరసనాయిల్ గుడ్డతో తుడిచి, బ్యాటరీ తీసి ఇంట్లో నీడన పెట్టండి. రేకుల షెడ్డులో వదిలేస్తే ఎండలకి అది చెడిపోతుంది.