ఆర్మీ నుంచి వచ్చి లాయరైన మా మావయ్య నేరుగా ఎమ్మెల్యేకి నిలబడాలా, ముందు పంచాయతీలో పనిచేయాలా?

టెక్కలి_మేనల్లుడు:
మా ఇంట్లో నెల రోజులుగా తెగని విషయం ఇది, బయటివాళ్లు ఏమంటారో విందామని ఇక్కడ పెడుతున్నాను. ఊరి పేరు వద్దు, శ్రీకాకుళం జిల్లా అనుకోండి. మా మావయ్య ఇంటర్ అయిన ఏడాదే ఆర్మీలో చేరి, 17 ఏళ్లు చేసి హవల్దార్‌గా పెన్షన్ మీద వచ్చాడు. సర్వీసులో ఉండగానే దూరవిద్యలో డిగ్రీ పూర్తిచేశాడు, ఇంటికొచ్చాక లాసెట్ రాసి తనకంటే పదిహేనేళ్లు చిన్నవాళ్ల పక్కన కూర్చుని మూడేళ్ల లా చదివాడు. కోర్టుకు వెళ్లడం మొదలుపెట్టి ఏడేళ్లయింది. మొన్న సంక్రాంతికి అందరం చేరినప్పుడు, వచ్చే అసెంబ్లీ ఎన్నికల్లో నిలబడతాను, పార్టీ టికెట్ ఇస్తే సరే, ఇవ్వకపోతే ఇండిపెండెంట్‌గానైనా అన్నాడు. గారెలు వేస్తున్న అత్త చిల్లుల గరిటె చేత్తో పట్టుకునే గుమ్మంలోకి వచ్చి చూసింది. ఏమీ అనలేదు.

నా మాట ఏమిటంటే, ఆయన అర్హుడే కానీ నేరుగా అసెంబ్లీకి వద్దు. ఆదివారం పొద్దున్నే మా వీధి అరుగు మీద ఒక నల్ల ట్రంకు పెట్టె ఉంటుంది, మూత మీద తెల్ల పెయింటుతో ఆయన నంబరు, పేరు, దాని మీదే కాగితాలు పెట్టుకుని అర్జీలు రాస్తాడు. పోయిన వానాకాలంలో ఒకాయన వచ్చాడు, ఆయనా మాజీ సైనికుడే. ప్రభుత్వం ఇచ్చిన ఎకరన్నర భూమి, ఇచ్చి పాతికేళ్లయింది, కూతురి పెళ్లికి అమ్ముదామంటే నిషేధిత భూముల 22ఏ జాబితాలో ఉందని రిజిస్ట్రేషన్ ఆపేశారు. మాజీ సైనికులకిచ్చిన భూమిని పదేళ్లు దాటాక అమ్ముకోవచ్చని ఉత్తర్వు ఉంది కదా అని మావయ్య ఆ కాగితం పట్టుకుని నాలుగు నెలలు తిరిగి, ఆ సర్వే నంబరును జాబితాలోంచి తీయించాడు. ఫీజు అడగలేదు. అభ్యర్థి అయిన మర్నాటి నుంచి ఈ పని ఆగిపోతుందని నా భయం. ఇప్పుడు అరుగు మీద పని పడినవాళ్లు కూర్చుంటున్నారు, రేపు కండువాలు కూర్చుంటాయి. అదే సర్పంచ్ అయితే ఆ పనే ఇంకా గట్టిగా చేయొచ్చు కదా?

పలాస_జీడితోట:
తమ్ముడూ, ముందు లెక్క చూడు. డిపాజిట్ 10,000, ఎస్సీ, ఎస్టీలకైతే 5,000. ఇండిపెండెంట్ నామినేషన్‌కు అదే నియోజకవర్గం ఓటర్లు 10 మంది సంతకం పెట్టాలి, గుర్తింపు ఉన్న పార్టీ అభ్యర్థికి ఒక్కరు చాలు. చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటకపోతే డిపాజిట్ పోతుంది. ఎన్నికల సంఘం పెట్టిన ఖర్చు పరిమితి 40 లక్షలు. ఇవన్నీ కాగితం మీదవి. నేను రెండు ఎన్నికల్లో బూత్ ఏజెంటుగా కూర్చున్నాను, పోలింగ్‌కు ముందు రాత్రి వీధిలో లైటు ఆరిన తర్వాత జరిగేది నా కళ్లతో చూశాను, ఆ లెక్క ఏ అఫిడవిట్‌లోనూ రాదు. పెన్షన్ మీద బతికే మనిషి దాన్ని తట్టుకోలేడు. పొలం తాకట్టు పెడతాడు, ఓడిపోతాడు, ఆ తర్వాత అర్జీలు రాసే ఓపిక కూడా ఉండదు. నేను ఎమ్మెల్యేకే కాదు, దేనికీ వద్దంటాను.

మాజీ_నాయక్_బొబ్బిలి:
జీడితోట గారూ, అందరూ ఇలాగే అనుకుంటే మంచివాడు ఎప్పటికీ నిలబడడు. మేనల్లుడు బాబుకి ఒక మాట చెప్పాలి. సర్వీసులో ఉన్నవాడు రాజకీయ పార్టీలో చేరకూడదు, మీటింగుకు పోకూడదు, ఆర్మీ రూల్స్‌లోనే ఉంది. మిగతావాళ్లు ఇరవై ఏళ్ల వయసు నుంచి జెండాలు మోసి, నాయకుడి వెనక తిరిగి మెట్టు మెట్టు ఎక్కుతారు. మీ మావయ్యకు 35 ఏళ్లు వచ్చేదాకా ఆ అవకాశమే లేదు. ఇప్పుడు మళ్లీ కింది మెట్టు నుంచి రమ్మంటే దేశానికిచ్చిన 17 ఏళ్లూ ఆయనకు నష్టం కింద లెక్కేసినట్టే కదా? నేను నేరుగా నిలబడమంటాను.

కానీ ఒక షరతు. ఫ్లెక్సీ మీద యూనిఫాం ఫోటో వేయకూడదు. సైనికుల ఫోటోలు ఎన్నికల ప్రచారానికి వాడొద్దని ఎన్నికల సంఘం 2013లో పార్టీలకు చెప్పింది, 2019 మార్చిలో మళ్లీ గుర్తుచేసింది. రూలు సంగతి అలా ఉంచితే, ఆ బట్టలు మన ఒక్కరివి కావు, మనతో పాటు వెళ్లి తిరిగి రానివాళ్లవి కూడా. ఓటు కోసం ఆ బట్టలు చూపిస్తే నాకు కడుపులో దేవినట్టుంటుంది.

టెక్కలి_మేనల్లుడు:
నాయక్ గారూ, ఫోటో మాట మావయ్య కూడా అన్నాడు, నల్లకోటు ఫోటో కూడా వద్దన్నాడు. మిగతా మాటకు మాత్రం ఒప్పుకోలేను. 17 ఏళ్లు వృథా అని నేననలేదు. అక్కడ ఆర్డరు వస్తే పని జరుగుతుంది, మా ఊళ్లో కాలువ తూము తీయడానికి పైరైతు, కిందిరైతు ఇద్దరినీ కూర్చోబెట్టి మూడు సార్లు టీ తాగించాలి. ఆ ఓపిక ఆయనకు కోర్టుకు వెళ్లాకే వచ్చింది, ఇంకా వస్తోంది.

విజీనగరం_లాయరమ్మ:
వకీలుగా కొన్ని విషయాలు చెబుతాను. ఎమ్మెల్యే అయితే ప్రాక్టీసు మానేయాలని కొందరు అనుకుంటారు, అది నిజం కాదు. ప్రజాప్రతినిధులు వకాల్తా వేయకుండా ఆపలేమని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. సర్వీసు నుంచి మామూలుగా వచ్చినవాళ్లకు నామినేషన్‌లో అడ్డేమీ లేదు. డిస్మిస్ అయినవాళ్లు మాత్రం, అది అవినీతి వల్లో ద్రోహం వల్లో కాదని, అయిదేళ్లలోపైతే ఎన్నికల సంఘం సర్టిఫికెట్ పెట్టాలి. 2019లో వారణాసిలో నామినేషన్ వేసిన బీఎస్ఎఫ్ మాజీ జవాను తేజ్ బహదూర్ యాదవ్‌ది అక్కడే పోయింది. మీ మావయ్యకు ఆ బాధ లేదు.

ఇక అసలు ప్రశ్న. 22ఏ జాబితాలోంచి ఒక్క సర్వే నంబరు తీయించడానికి నాలుగు నెలలన్నారు. అలాంటి నంబర్లు ఒక్కో మండలంలో ఎన్ని ఉన్నాయో నాకు రోజూ కనపడుతుంది, ఒక్కొక్కటిగా తీయిస్తూ పోతే ఎన్ని జన్మలు కావాలి? చట్టం మారాల్సింది అసెంబ్లీలో. కింది నుంచే రావాలని ఎక్కడా లేదు. మీ జిల్లాలోనే ఎర్రన్నాయుడు గారు లా చదివినవారు, 1983లో హరిశ్చంద్రపురం నుంచి గెలిచి నేరుగా అసెంబ్లీకి వెళ్లేనాటికి పాతికేళ్ల కుర్రాడు.

టెక్కలి_మేనల్లుడు:
అమ్మా, 1983 వేరు. 1982 మార్చిలో పుట్టిన తెలుగుదేశం పార్టీ తొమ్మిది నెలలకే రాష్ట్రాన్ని ఊపేసిన ఎన్నిక అది, ఆ గాలి ఎప్పుడూ వీయదు. నేను వి.వి. గిరి గారి పేరు చెబుతాను. ఆయనా వకీలే, 1952లో మా పాతపట్నం నుంచే లోక్‌సభకు గెలిచారు, కానీ అంతకు ముందు రైల్వే కార్మికుల సంఘాల్లో ఏళ్ల తరబడి పనిచేశారు. అంత చేసినా 1957లో పార్వతీపురంలో ఓడిపోయారు. సోంపేట సంగతి కూడా చూడండి. బీల అనే చిత్తడి భూముల్లో థర్మల్ ప్లాంటు వద్దని జనం నెలల తరబడి కూర్చున్నారు, ఇంకోపక్క ఢిల్లీలో కేసు నడిచింది, 2010 జూలై 14న ఇక్కడ కాల్పుల్లో ఇద్దరు పోయారు, అదే రోజు అక్కడ పర్యావరణ అనుమతి రద్దయింది. ఎమ్మెల్యే పదవి చేతిలో ఉండి గెలిచింది కాదు కదా అది.

రాజాం_కుర్రాడు:
అన్నా, సర్పంచ్ అని అంత నమ్మకంగా అంటున్నావు గానీ సర్పంచ్ చేతిలో ఇప్పుడు ఏముంది? మా నాన్న 2021 ఫిబ్రవరిలో గెలిచాడు. పంచాయతీ ఎన్నికకు పార్టీ గుర్తుండదని పేరే గానీ గెలిచిన రాత్రే ఎవరి మనిషి అన్నది తేలిపోతుంది. ఆర్థిక సంఘం డబ్బులు కరెంటు బకాయిలకు సర్దేశారని సర్పంచ్‌లు రోడ్డెక్కిన రోజుల్లో, మా వీధిలో బోరు మోటారు కాలిపోతే నాన్న సొంత డబ్బుతో వైండింగ్ చేయించాడు. అయినా నేను సర్పంచే అంటాను. ఎందుకంటే ఆ మోటారు బాగయ్యేదాకా నాన్న రాత్రి నిద్రపోలేదు, ఆ టెన్షన్ తెలిసినవాడే అసెంబ్లీకి వెళ్లాలి. ఇంకోటి, మీ పంచాయతీ ఈసారి ఎవరికి రిజర్వ్ అవుతుందో చూశారా? సగం సీట్లు మహిళలకే.

టెక్కలి_మేనల్లుడు:
అదే ఇప్పుడు చిక్కు. మాది గత రెండు సార్లూ జనరల్, ఈసారి మహిళకు వస్తుందని ఊళ్లో అనుకుంటున్నారు. అప్పుడు అత్త పేరుతో వేసి మావయ్య నడిపిస్తాడు.

విజీనగరం_లాయరమ్మ:
ఆ చివరి వాక్యం నాకు నచ్చలేదు. ఇంతసేపూ మీ మావయ్య అర్హత గురించి అంత శ్రద్ధగా మాట్లాడారు, అత్త దగ్గరికి వచ్చేసరికి పేరు మాత్రమే కావాలా? ఆవిడను ఎవరైనా అడిగారా?

మాజీ_నాయక్_బొబ్బిలి:
అమ్మ చెప్పింది నిజం. మాకు ఏడాదికి రెండు నెలల సెలవు, మిగతా పది నెలలూ ఇల్లు, పొలం, ముసలివాళ్లు, పిల్లల ఫీజులు నడిపింది ఆడవాళ్లే. మా ఇంట్లోనూ అంతే. నేను వచ్చాక మా పొలం హద్దురాయి ఎక్కడుందో మా ఆవిడ చూపిస్తే తెలిసింది.

టెక్కలి_మేనల్లుడు:
రెండు రోజులు ఆగి రాస్తున్నాను. లాయరమ్మ గారి ప్రశ్నకు నా దగ్గర జవాబు లేకపోయింది, అందుకే నిన్న రాత్రి ఈ చర్చంతా అత్తకు చదివి వినిపించాను. మావయ్య కూడా అక్కడే ఉన్నాడు.

అత్త లేచి ట్రంకు పెట్టె తెరిచి ఒక పాత నోటుబుక్కు తీసింది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పటిది. మావయ్య అప్పుడు లా పరీక్షల్లో ఉన్నాడు. అత్త పొదుపు సంఘం ఆడవాళ్లు ఇద్దరిని వెంటబెట్టుకుని తోట తోటా తిరిగి ఎవరికి ఎన్ని కొబ్బరి చెట్లు పడ్డాయో, ఎన్ని జీడిచెట్లు విరిగాయో రాసింది. పేరు, చెట్ల లెక్క, పక్కన వేలిముద్ర. తడికి కొన్ని పేజీలు అంటుకుపోయాయి. పరిహారం జాబితాలో పేర్లు రాలేదని తర్వాత వేసిన అర్జీలన్నీ ఈ బుక్కు చూసే రాశారట, నాకు ఈ సంగతి నిన్నటిదాకా తెలియదు, మావయ్య రాశాడనే అనుకున్నాను.

"నేను నిలబడితే ప్రతి కాగితం నేనే చదివి సంతకం పెడతాను, నువ్వు కోర్టుకు పో" అంది అత్త. మావయ్య చాలాసేపు ఆ పేజీలు తిప్పుతూ కూర్చుని, అంటుకున్నవాటిని బ్లేడుతో మెల్లగా విడదీయడం మొదలుపెట్టాడు. అసెంబ్లీ మాట వదిలేశాడో లేదో నాకు తెలియదు. రిజర్వేషన్ల జాబితా వచ్చాక మళ్లీ రాస్తాను.