2011 ‘ఆక్యుపై వాల్‌స్ట్రీట్’: పార్టీలు అప్పుడేమన్నాయి?

ఎంఏ కుర్రాడు: న్యూయార్క్‌లో బ్యాంకుల, ధనికుల పెత్తనం మీద జరిగిన ఆ నిరసనల్లోని ‘మేం 99 శాతం’ (అంటే పైనున్న ఒక్క శాతం ధనికులు కాక మిగతా జనం) నినాదం మీద సెమినార్ పేపర్ రాస్తున్నా. డెమొక్రాట్లు, రిపబ్లికన్లు దాన్నెలా తీసుకున్నారు? అప్పుడక్కడ ఉన్నవాళ్లెవరైనా చెప్పండి.

జెర్సీ బాబాయ్: అప్పట్లో మా ఆఫీసు నిరసనకారులు మకాం వేసిన జుకోటీ పార్కుకి రెండు వీధుల అవతలే. మైకులకు పర్మిషన్ లేదు. ఒకరు ఒక ముక్క అంటే చుట్టూ ఉన్నవాళ్లంతా అదే ముక్క గట్టిగా అనేవాళ్లు, బుర్రకథలో వంతల్లా. లంచ్ టైంలో వెళ్లి వింటూ నిలబడేవాణ్ణి.

పార్టీలంటావా, అక్టోబరులో ఒబామా జనం విసుగు ఇందులో కనిపిస్తోందన్నాడు. పార్కు వైపు మాత్రం రాలేదు. డెమొక్రాట్ల ఎన్నికల చందాలూ వాల్‌స్ట్రీట్ నుంచి వచ్చేవే కదా! ప్రతినిధుల సభలో రిపబ్లికన్ల నేత ఎరిక్ కాంటర్ నిరసనకారుల్ని ‘మూకలు’ అన్నాడు, తర్వాత గొంతు తగ్గించాడు. రిపబ్లికన్ల తరఫున అధ్యక్ష అభ్యర్థి కావాలని పోటీ పడుతున్న హెర్మన్ కెయిన్ అయితే ఉద్యోగం లేకపోతే నిన్ను నువ్వే తిట్టుకో అన్నాడు. ఆ వారమే మా టీంలో ఇద్దర్ని తీసేశారు. ఒళ్లు మండింది.

గోదారోడు: బాబాయ్, నవంబరు 15 తెల్లవారుజామున ఆ పార్కులో టెంట్లు పీకించిన న్యూయార్క్ మేయర్ బ్లూమ్‌బర్గ్ ఏ పార్టీ?

జెర్సీ బాబాయ్: అప్పటికి ఏ పార్టీ కాదు. వాల్‌స్ట్రీట్‌లో ఎదిగిన కోటీశ్వరుడు, అంతే.